డిస్కులు పంపడం లేదన్నా

డెన్వర్,
ఆదివారం

అన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని వదిన చెప్పింది, సంతోషం. దసరాకి వస్తున్న బావ చేతికి నీ లోడు బండి బ్రేకుల కోసం చిల్లుల డిస్కులు ఇచ్చి పంపమన్నావు కదా, ముందు ఆ సంగతి. పంపడం లేదు. కోపం తెచ్చుకోకుండా ఉత్తరం మొత్తం చదువు.

నా పికప్‌కి బ్రేకులు బాగయ్యాయని నేను ఫోన్‌లో అంత గొప్పగా చెప్పేసరికి నీకూ మనసైంది. నా బండికీ నీ బండికిలాగే ముందు డిస్క్, వెనక డ్రమ్. వీడియోల్లో చూపించే, డిస్క్‌ని బిగించి పట్టే పెద్ద క్యాలిపర్లు, చిల్లుల డిస్కులు ఏవీ నేను వేయించలేదు. కంపెనీ సైజు మామూలు డిస్కులే కొత్తవి, డిస్క్‌కి రాసుకునే సెమీ మెటాలిక్ (లోహం కలిసిన) ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ పోవడానికి స్టీలు అల్లిక ఉన్న హోస్ పైపులు, కొత్త బ్రేక్ ఆయిల్. అంతే. చూడ్డానికి చిల్లుల డిస్క్ బాగుంటుంది, కాదనను. కానీ లోడు బండి మాటిమాటికీ వేడెక్కి చల్లారుతుంటే ఆ చిల్లుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. రేసు చూసి లోడు బండికి పార్టులు కొనడం నాకైతే నచ్చదు.

ఇక్కడ ఆ ఖర్చు నాకు తప్పలేదు. డెన్వరే 5,280 అడుగుల ఎత్తులో ఉంది. ఐ-70 హైవే మీద పడమరగా కొండల్లోకి పోతే ఐసెన్‌హోవర్ టన్నెల్ దగ్గర 11 వేల అడుగులు దాటుతుంది. తిరుగు ప్రయాణం చాలావరకు దిగుడే. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన ప్రత్యేకంగా ఎత్తు దారులు కట్టారంటే చూసుకో. ఇంకో తిరకాసు కూడా ఉంది. కాలి బలానికి తోడయ్యే మన బ్రేక్ బూస్టర్ పనిచేసేది బయటి గాలి ఒత్తిడికీ లోపలి వాక్యూమ్‌కీ ఉన్న తేడాతో. అంత ఎత్తులో గాలి పలచన, అందుకే అదే పెడల్‌ని ఇంకాస్త గట్టిగా తొక్కాలి. హైదరాబాద్‌లో నీకు ఆ బాధ లేదు.

నీకు ఉన్న బాధేమిటో నువ్వే చెప్పావు: "పెడల్ సగం లోపలికి పోయాక గానీ పట్టదు" అని. అది డిస్క్ సైజుతో వచ్చేది కాదన్నా. బ్రేక్ బలం వేరు, పెడల్ ఫీల్ వేరు. పెద్ద డిస్క్ వేస్తే పట్టు పెరుగుతుంది, వేడి తట్టుకుంటుంది, నిజమే. కానీ గట్టిగా తొక్కితే ఇప్పుడే చక్రాలు లాక్ అవుతున్నాయంటే, ఇక ఆపాల్సింది టైర్ల పట్టే. అరిగిన టైర్ల మీద ఎంత పెద్ద డిస్క్ వేసినా ఒక్క అడుగు కూడా ముందు ఆగదు.

పెడల్ లోతుగా పోతోందంటే నా అనుమానం మొదట వెనక డ్రమ్ మీద. డ్రమ్‌కి లోపల రాసుకునే లైనింగ్ అరిగి, దాన్ని డ్రమ్‌కి దగ్గరగా ఉంచే అడ్జస్టర్ తుప్పు పట్టి కదలకపోతే, డ్రమ్‌ని తాకేలోపే పెడల్ ప్రయాణం సగం అయిపోతుంది. తర్వాత బ్రేక్ ఆయిల్ లైన్‌లో చేరిన గాలి. ఆ తర్వాత ఉబ్బే పాత రబ్బరు హోసులు. నాకు స్టీలు పైపులతో తేడా తెలిసింది, కానీ అంతకంటే ఎక్కువ తేడా తెచ్చింది వెనక లైనింగ్ సరిగా అడ్జస్ట్ చేసి, నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్ లైన్‌లోని గాలి తీయడం. దానికైన ఖర్చు దాదాపు ఏమీ లేదు. పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పెద్దది వేస్తే పెడల్ గట్టిపడుతుందని ఎవరైనా చెబితే వినకు. గట్టిపడుతుంది, కానీ అదే పట్టుకి కాలి బలం ఎక్కువ పెట్టాలి.

ఇప్పుడు అసలు మాట. బోయిన్‌పల్లి మార్కెట్ లోడు కోసం వెనక ఇంకో కమాన్ (స్ప్రింగు) పట్టీ వేయించానన్నావు. వెనక ఇరుసు నుంచి ఛాసిస్ మీదున్న ఒక వాల్వ్‌కి చిన్న కడ్డీ కలిపి ఉందేమో మెకానిక్‌తో చూపించు. లోడు పడి బండి వెనక కుంగితే, ఆ వాల్వ్ వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. ఖాళీగా లేచి ఉంటే తగ్గిస్తుంది. అదనపు పట్టీతో బండి కుంగకపోతే, నిండా టమాటా ట్రేలున్నా ఆ వాల్వ్ ఖాళీ బండే అనుకుంటుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. నీ ముందు ప్యాడ్లు అంత తొందరగా అరగడానికి ఇదే కారణం కావచ్చు. ఆ కడ్డీని కొత్త ఎత్తుకి సరిగా సెట్ చేయించాలి. వైరుతో కట్టి వదిలేసేవాళ్లుంటారు, అలా చేయనివ్వకు, ఖాళీ బండి వాన రోడ్డు మీద వెనక జారుతుంది.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావో నీకే గుర్తు లేదు కదా. అది వానాకాలం ఉప్పులా చెమ్మ లాగుతుంది. డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని ఆయిల్ రకం రాసి ఉంటుంది. డాట్ 3 కొత్తదైతే మరిగేది 205 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక 140కే మరగొచ్చు. డాట్ 4 అయితే 230, 155. మరిగితే లైన్‌లో ఆవిరి, పెడల్ నేలకి. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు, కానీ సిలికాన్ రకం డాట్ 5 మాత్రం వద్దు, రెండూ కలవవు.

కొత్త ప్యాడ్లు వేశాక వెంటనే లోడు ఎక్కించకు. పొద్దున్నే రింగ్ రోడ్డు సర్వీస్ దారి ఖాళీగా ఉన్నప్పుడు 50లో పోతూ, పూర్తిగా ఆపకుండా పదికి తగ్గించు. అలా ఎనిమిది, పదిసార్లు చేసి, బ్రేక్ తొక్కకుండా నడిపి చల్లారనివ్వు. ప్యాడ్ డిస్క్‌కి కుదురుకుంటుంది. జూబ్లీహిల్స్ దిగుళ్లలో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసే అలవాటు మానుకో, రెండో గేరులోనే దిగు. 60 బదులు 80లో ఉంటే బ్రేక్ మింగాల్సిన వేడి దాదాపు 1.8 రెట్లు.

రాణిగంజ్‌లో ప్యాడ్లు కొనేటప్పుడు పార్ట్ నంబర్ చూసి, బిల్లు తీసుకో. డిస్క్ మందం కొలిపించు, కనీసం ఎంత ఉండాలో చాలావాటి అంచు మీదే రాసి ఉంటుంది. అంతకంటే తగ్గితే కొత్తవి వేయించు. ఎంతైతే అంత నేను పంపిస్తాను, మొహమాటపడకు. ఇక్కడి పికప్ డిస్క్ ఒక్కోటి పది కిలోల దాకా తూగుతుంది, పైగా నీ చక్రానికి ఎక్కనే ఎక్కదు. ఆ బరువుకి బదులు బావ పెట్టెలో అమ్మకు మోకాలి పట్టీ, పిల్లలకు బూట్లు పెడుతున్నాను. పాదాల కొలత వదినను పంపమను.

వాల్వ్ సంగతి మెకానిక్ ఏమన్నాడో ఫోన్ చెయ్యి. నీకు పొద్దున ఎనిమిదిన్నర అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది, మెలకువగానే ఉంటాను.

నీ తమ్ముడు