వార్షిక నివేదిక: వేటగాడికి ఎదురు నిలిచే మనిషి, మర

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సైన్స్ ఫిక్షన్ సంఘం ప్రదర్శనలు, చర్చలు, కథా కార్యశాల అన్నీ ఒకే అంశం మీద నడిచాయి: గ్రహాంతర వేటగాళ్లను ఎదిరించే మనుషులు, యంత్రాలు. జమాఖర్చుల పత్రం విడిగా అందుతుంది.

మనుషుల వంతు 1987 నాటి ‘ప్రిడేటర్’ సినిమాతో మొదలైంది. అందులో వేటగాడు చూసేది వేడిని. కథానాయకుడైన సైనికుడు డచ్ ఒళ్లంతా బురద కావడంతో, పక్కనే ఉన్నా వాడి కంటపడడు. ఇందులో నిజం కొంత ఉంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీలు. అది వెదజల్లే పరారుణ కిరణాలను తడి బురద అడ్డుకుంటుంది, నీరు ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది. తడి ఆరి బురద బీటలు వారిందా, దాపరికం పోయినట్టే. కథలో బురద పూసే రచయిత అది ఆరే సమయం కూడా లెక్కేసుకోవాలి.

1990 నాటి రెండో చిత్రంలో ప్రభుత్వ దళం ఒంటి వేడి బయటకు పొక్కని సూట్లు తొడుక్కుంటుంది. వేటగాడు చూపు మార్చి, వాళ్ల దీపాల అతినీలలోహిత కాంతిని పట్టేస్తాడు. శత్రువుకు ఒకే ఇంద్రియం ఉందనుకోవడమే దళం చేసిన తప్పు. 2022లో వచ్చిన ‘ప్రే’లో ఒంటి వేడి తగ్గించే పువ్వు మీద వాదన గట్టిగానే జరిగింది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగితే చేతులు మొద్దుబారతాయి, బుర్ర మందగిస్తుంది. ఆ స్థితిలో పోరాటం కష్టం. ముగింపు మాత్రం అందరికీ నచ్చింది: వేటగాడి అస్త్రం వాడి శిరస్త్రాణం గురిపెట్టిన చోటికే వెళ్తుంది కాబట్టి, కథానాయిక నారూ ఆ శిరస్త్రాణాన్నే ఉచ్చుగా మారుస్తుంది.

కార్యశాలకు వచ్చిన కథల్లో ఎక్కువగా తడబడినవి యంత్రాల కథలే. ‘ఆండ్రాయిడ్‌కు (మనిషి రూపంలోని యంత్రానికి) రక్తం లేదు, కాబట్టి వేడి లేదు’ అని రాసేశారు. మోటార్లు, ప్రాసెసర్లు, బ్యాటరీ అన్నీ వేడెక్కేవే. 500 వాట్ల వేడి పుట్టించే యంత్రం గంటసేపు దాక్కోవాలంటే 18 లక్షల జౌళ్ల (జౌల్ అంటే శక్తికి కొలమానం) వేడిని ఎక్కడో దాచాలి. కడుపులో 10 లీటర్ల నీళ్లుంటే అవి 43 డిగ్రీల మేర వేడెక్కుతాయి. మంచుగడ్డ అయితే అయిదున్నర కిలోలు కరుగుతుంది. అది కరిగాక యంత్రం బయటపడక తప్పదు, కథకు కావలసిన గడువు అక్కడే దొరుకుతుంది. ఇంకో పొరపాటు: చల్లటి యంత్రం వెచ్చటి గోడ ముందు నిలబడితే నల్లటి ఆకారంగా కనిపిస్తుంది. పరిసరాలతో సమానమైన వేడి ఉంటేనే దాపరికం.

వేటగాళ్లు పాటించే వేట నియమావళి సంగతీ చర్చకు వచ్చింది. ఆయుధం లేనివాళ్లను, గర్భిణిని ఈ వేటగాళ్లు వదిలేస్తారు. మరి యంత్రాన్ని చంపితే గౌరవమా? 2025 నాటి ‘బ్యాడ్‌ల్యాండ్స్’ దీన్ని తెలివిగా దాటింది: ఒంటరిగానే వేటాడాల్సిన యువ వేటగాడు డెక్, నడుము కింది భాగం లేని ఆండ్రాయిడ్ థియాను పనిముట్టుగా లెక్కగట్టి వెంట మోస్తాడు. ఆమెను తయారుచేసిన కంపెనీ యంత్రాలే అతనికి శత్రువులు. ఈ ఏడాది చూసినవాటిలో యంత్రానికి రెండు వైపులా చోటిచ్చిన చిత్రం ఇదే.

వచ్చే ఏడాది కార్యశాలకు కథ పంపే సభ్యులు మరో కాగితం జతచేయాలి: వేటగాడి ఇంద్రియాలు, ప్రత్యర్థి దాచుకునే పద్ధతి, అది విఫలమయ్యే సమయం అందులో ఉండాలి. కాగితం లేని కథలు వెనక్కి పంపుతాం.

కార్యవర్గం