ఆ ప్రకటన కింద పేరు ఎవరిది?

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఆదివారం ఫోన్లో, ఇక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలు చట్టాల కోసం నాయకుల చుట్టూ తిరిగే లాబీయింగ్ గురించి నేను అంటే, నువ్వన్న మాట ఇంకా నా బుర్రలోనే తిరుగుతోంది. "లాబీయింగ్ ఎక్కడ లేదురా, మా ఎల్‌ఐసీ ఏజెంట్ల సంఘం కూడా కమిషన్ల కోసం ఢిల్లీ వెళ్లి మంత్రుల్ని కలుస్తుంది, అది తప్పా?" అన్నావు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను, పక్కన పిల్లల గోల. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మా ఆవిడ నడుము నొప్పి సంగతి నీకు తెలుసుగా. ఎమ్మారై తీయించమని డాక్టర్ రాశారు. ఇక్కడ అమెరికాలో డాక్టర్ రాస్తే సరిపోదు, ఇన్సూరెన్స్ వాళ్లు ముందుగా ఒప్పుకోవాలి, దాన్ని ప్రయర్ ఆథరైజేషన్ అంటారు. వాళ్లు ఒప్పుకోలేదు. ముందు ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు, తర్వాత ఫ్యాక్స్ అందలేదన్నారు, మళ్లీ పంపితే ఏదో కాగితం తక్కువైందన్నారు. చివరికి సరే అనేసరికి రెండున్నర నెలలు పట్టింది. అన్నాళ్లూ తను రాత్రిళ్లు కుర్చీలో కూర్చునే నిద్రపోయేదిరా. ఆ టెన్షన్‌లో నాకూ నిద్ర పట్టక, ఈ పద్ధతిని ఎవరూ ఎందుకు మార్చరని వెతకడం మొదలుపెట్టాను. అలా తగిలింది ఏహెచ్‌ఐపీ పేరు. ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీల సంఘం అది. 2003లో రెండు పాత సంఘాలు కలిసి ఏర్పడింది.

ఆ రెండింటిలో ఒకటి హెచ్‌ఐఏఏ. దాని కథ నీకు చెప్పి తీరాలి. 1993లో అప్పటి అధ్యక్షుడు క్లింటన్ అందరికీ ఆరోగ్య బీమా అంటూ ఒక పథకం తెచ్చాడు. అదే ఏడాది సెప్టెంబరు నుంచి టీవీలో ఒక ప్రకటన మొదలైంది: హ్యారీ, లూయీస్ అని మధ్యతరగతి భార్యాభర్తలు, వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బిల్లులు చూసుకుంటూ, ప్రభుత్వం ఇచ్చే ప్లాన్లలో మనకు నచ్చింది ఉంటుందో లేదో అని దిగులుపడుతుంటారు. చూస్తే మన పక్కింటివాళ్లు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. దాని మీద కోటీ నలభై లక్షల నుంచి రెండు కోట్ల డాలర్ల దాకా పెట్టారని అంచనా. నిజానికి ఆ ప్రకటనను నేరుగా చూసినవాళ్లకంటే వార్తల్లో చూసినవాళ్లే ఎక్కువ. హిల్లరీ క్లింటన్ దాన్ని బహిరంగంగా తిట్టడంతో వార్తా చానళ్లు పైసా తీసుకోకుండా మళ్లీ మళ్లీ వేశాయి. 1994 సెప్టెంబరుకల్లా ఆ పథకం, ఏ సభలోనూ ఓటింగ్ దాకా రాకుండానే ముగిసిపోయింది. ఒక్క ప్రకటన వల్లే పోయిందని నేననను. ఆ బిల్లే పదమూడు వందల పేజీలకు పైగా ఉండి ఎవరికీ అర్థమయ్యేది కాదు. కానీ ఆ ప్రకటన ఇచ్చింది హెచ్‌ఐఏఏ సొంత పేరుతో కాదురా, "ఆరోగ్య బీమాలో ఎంపిక కోరే కూటమి" అనే అర్థం వచ్చే ఇంకో పేరుతో. ఆ కూటమికి డబ్బు పెట్టింది మాత్రం హెచ్‌ఐఏఏనే.

నీకు నా జవాబు ఇక్కడే ఉంది. మీ ఏజెంట్లు ఢిల్లీ వెళ్తే బ్యానరు మీద మీ సంఘం పేరే ఉంటుంది. మీరు అడిగింది నచ్చనివాడు మిమ్మల్నే ఎదురు ప్రశ్నించవచ్చు. పేరు దాచుకుని అడిగేవాణ్ణి ఎవరు ప్రశ్నిస్తారు?

2009లో ఇది ఇంకా దూరం వెళ్లింది. అధ్యక్షుడు ఒబామా ఆరోగ్య బీమా సంస్కరణల చర్చ మొదలుపెట్టినప్పుడు ఏహెచ్‌ఐపీ అధ్యక్షురాలు కరెన్ ఇగ్నాగ్ని వైట్‌హౌస్‌లోనే లేచి, మేమూ కలిసి పనిచేస్తామని మాట ఇచ్చింది. పాత జబ్బు ఉన్నవాళ్లకు కూడా పాలసీ ఇస్తాం, కాకపోతే ప్రతి ఒక్కరూ బీమా కొనాలనే నియమం పెట్టండి అన్నారు. ఆ వాదన న్యాయమైనదే. జబ్బు చేశాకే అందరూ కొంటే ప్రీమియం ఆకాశానికి అంటుతుందని నువ్వే నాకు ఎన్నోసార్లు చెప్పావు. కానీ అదే ఏడాది ఏహెచ్‌ఐపీ నుంచి వ్యాపార సంస్థల సంఘమైన అమెరికా చాంబర్ ఆఫ్ కామర్స్‌కు 8 కోట్ల 62 లక్షల డాలర్లు వెళ్లాయి. ఆ చాంబర్ ఒబామా సంస్కరణల బిల్లుకు వ్యతిరేకంగా ప్రకటనలు గుప్పించింది. ఈ డబ్బు సంగతి 2010 నవంబరులో పత్రికల్లో వచ్చింది, అప్పటికి చట్టం మీద సంతకమై ఎనిమిది నెలలు. ఇలాంటి సంఘాలు తమకు డబ్బిచ్చినవాళ్ల పేర్లు జనానికి చెప్పక్కర్లేదట. పన్ను పత్రాల్లో మొత్తం కనిపిస్తుంది, ఇచ్చిందెవరో కనిపించదు. అక్కడే నాకు కడుపు మండింది.

నేరుగా చేసే లాబీయింగ్‌కు ఇక్కడ లెక్కలున్నాయి, అది ఒప్పుకోవాలి. 1995 చట్టం ప్రకారం ఎంత ఖర్చు పెట్టారో, ఏ బిల్లు కోసమో దాఖలు చేయాలి, ఎవరైనా చూడవచ్చు. నేను రెండు రాత్రులు అవే చూస్తూ కూర్చున్నాను.

ఇక మా ఆవిడ ఎమ్మారై దగ్గరికి వస్తా. ప్రయర్ ఆథరైజేషన్ తగ్గిస్తామని 2018 జనవరిలోనే ఏహెచ్‌ఐపీ డాక్టర్ల సంఘంతో, ఆసుపత్రుల సంఘంతో కలిసి ఒప్పంద ప్రకటన చేసింది. 2025 జూన్‌లో మళ్లీ దాదాపు అదే మాట ఇచ్చారు. మొదటి మాట నిలబెట్టుకుని ఉంటే రెండోది ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందిరా? ఈ మధ్యలో, 2022లో, ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలోని పెద్దవాళ్లకు ఈ అనుమతులు త్వరగా ఇవ్వాలనే బిల్లు ప్రతినిధుల సభ దాటింది కానీ సెనేట్‌లో ఆగిపోయింది. దానివల్ల పదేళ్లలో సుమారు 1600 కోట్ల డాలర్ల ఖర్చు పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్క వేసింది. ఆ అంకె చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అనుమతి త్వరగా ఇస్తే ఖర్చు పెరుగుతుందంటే, ఆలస్యం వల్ల ఎంతోమంది వైద్యం చేయించుకోకుండానే ఊరుకుంటున్నారనే కదా అర్థం. అందులో అనవసరమైన పరీక్షలు కొన్ని ఉండవచ్చు, కాదనను. కానీ కుర్చీలో నిద్రపోయే మనుషులు కూడా ఉన్నారు కదా అందులో.

వచ్చే గురువారం మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్తున్నా. పదిహేను నిమిషాలు టైమ్ ఇచ్చారు. ఫ్యాక్స్ రసీదులు, తిరస్కరించిన ఉత్తరాలు తేదీల వారీగా పెట్టుకున్నా. మా ఆవిడ కూడా వస్తానంటోంది, తన పేరుతో తనే మాట్లాడుతుందట. నువ్వు ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నావు, అలాంటి చోట ముందు ఏ కాగితం బల్ల మీద పెట్టాలో బుధవారం లోపల ఫోన్ చేసి చెప్పు. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ
రమణ