నోట్లో నెత్తురు పొక్కు గురించి అమ్మాయికి

విజయనగరం

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. అంగిలి వెనక మెత్తటి భాగంలో నేరేడుపండు రంగు పొక్కు. జంతిక నములుతుంటే చురుక్కుమని, నిమిషంలో ఉబ్బిందన్నావు. ఇది నెత్తురు పొక్కే. గట్టి తిండో, పొగలు కక్కే టీయో ఆ పలచటి పొరను గాయపరిస్తే, కింది సన్న రక్తనాళం చిట్లి పొర కింద నెత్తురు నిండుతుంది. డాక్టర్లు ఆంజైనా బుల్లోసా హెమరేజికా అంటారు. ఆంజైనా అన్నారని గుండెకు ముడిపెట్టకు, దానికీ దీనికీ సంబంధం లేదు.

చాలావరకు కాసేపట్లోనో, మర్నాటికో అదే చితుకుతుంది. ఉమ్మి ఎర్రగా వస్తే హడలిపోకు, చల్లటి నీళ్ళు పుక్కిలించు. మిగిలే పచ్చిపుండు వారం, పది రోజుల్లో మచ్చ లేకుండా మానుతుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ పుక్కిలించు. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ అయితే 10 మిల్లీలీటర్లు, నిమిషం పాటు, రోజుకు రెండుసార్లు. పళ్ళు తోమాక అరగంట ఆగి వాడు, పేస్టు దాని పనిని చెడగొడుతుంది. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వద్దు, నెత్తురు ఆగనివ్వవు. చోడి అంబలి, పెరుగన్నం చల్లగా తిను. మానేదాకా జంతికలు, మురీ మిక్చర్ జోలికి పోకు.

నీ ఆస్తమా పఫ్‌లో స్టెరాయిడ్ ఉంది కదా, అది రోజూ తగిలే నోటి పొర పలచబడి ఇలాంటివి రావచ్చు. పఫ్ మాత్రం మానకు తల్లీ. స్పేసరుతో, అంటే పఫ్‌కు తగిలించే గొట్టంతో పీల్చి, వెంటనే గొంతుదాకా పుక్కిలించి ఉమ్మెయ్.

పిన్నీసుతో పొడవకు, చీము పట్టొచ్చు. పొక్కు కొండనాలుక వైపు పెరుగుతూ, మింగుడు పడక, గొంతు మారి, ఊపిరి ఆడనట్టుంటే పడుకోవద్దు. ముందుకు వంగి కూర్చుని 108కి ఫోన్ చెయ్యి. ఆసుపత్రిలో శుభ్రమైన సూదితో చిదిపి నెత్తురు తీసేస్తారు.

ఇప్పుడే కాళ్ళూ చేతులూ వెలుతుర్లో చూసుకో. సూదిమొనంత ఎర్రచుక్కలు, కారణం లేని కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో నెత్తురు, జ్వరం... వీటిలో ఏదున్నా ఈ రోజే సీబీసీ, అంటే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష, చేయించు. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గకూడదు. వానాకాలం, డెంగ్యూ సంగతి మరవకు. మామూలు నెత్తురు పొక్కులో ఈ లెక్క సరిగ్గానే ఉంటుంది. ఒకేసారి చాలా పొక్కులు లేచినా, పుండు రెండు వారాలైనా మానకపోయినా దంతవైద్యులకు చూపించాలి.

రేపు పొద్దున్న ఇదే వెలుతుర్లో, పక్కన చెంచా కొన పెట్టి మళ్ళీ ఫొటో తియ్యి. పెరిగిందో తగ్గిందో సైజు పోల్చి చూస్తాను.

అమ్మ