రాని పుస్తకానికి ఫోటో పంపమన్నారు

సత్యనారాయణపురం,
విజయవాడ.
ఫిబ్రవరి 2026

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

మీ పేరు రాద్దామని మీ ప్రచురణ సంస్థ వెబ్‌సైటంతా గాలించాం. ఫిర్యాదుల అధికారి పేరూ, ఫోను నంబరూ సైటులో కనబడేలా పెట్టాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. మీ సైటులో మాంత్రికుల పేర్లు అరవై నాలుగు ఉన్నాయి గానీ అధికారి పేరు ఒక్కటీ లేదు. అందుకని హోదాతోనే సరిపెడుతున్నాం.

విషయం: 2019 డిసెంబరులో డబ్బు కట్టిన మూడు పుస్తకాల ఫాంటసీ సీరీస్, మూడో పుస్తకం, రెండో సగం. మా ఎనిమిదో ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

ముందే చెబుతున్నాం, రచయిత గారి మీద మాకు ఏ కోపమూ లేదు. కథ కుదరకపోతే కుదరలేదు, రాసేవాడికి పట్టేంత టైము పడుతుంది. ఈ ఉత్తరం ఆయనకు కాదు. ముగింపుకు ముందుగానే డబ్బు తీసుకుని, ఆ ముగింపేదని అడిగితే ఫోన్లో వీణ వినిపిస్తున్న మీకు.

"మూడు పుస్తకాల్లో ముగిసే మహాగాథ" అని అట్ట మీద వేశారు. ముందస్తు చందా కడితే సెట్టు 1,650 రూపాయలే అన్నారు. ఒకే ఆర్డరు మీద తొమ్మిది సెట్లు తీసుకుంటే పదోది ఉచితం అన్నారు. తొమ్మిదిళ్ళ వాళ్ళం కలిసి 14,850 రూపాయలు కట్టాం, ఉచితంగా వచ్చినదాన్ని వీధి రీడింగ్ రూములో పెట్టాం. మొదటిది 2020 నవంబరులో, రెండోది 2022 జనవరిలో అందాయి. 2023 జూన్‌లో అందిన మూడోదాని మీద చిన్న అక్షరాల్లో "పూర్వార్ధం" అని ఉంది. పూర్వార్ధం వచ్చాక ఉత్తరార్ధం రాకపోతుందా అనుకున్నాం. 2024 సంక్రాంతికన్నారు, దసరాకన్నారు, 2025 ఉగాదికన్నారు. ఆ తర్వాత పండగలు అయిపోయాయి కాబోలు, "త్వరలో" అన్నారు. ఈలోపు కథానాయకుడి తాతగారి చిన్నతనం మీద ఒక పుస్తకం, విలన్ పెంచుకున్న డేగ మీద ఇంకో పుస్తకం టంచనుగా దిగాయి. అవి చందాలోవి కావు, విడిగా కొనుక్కోవాలి.

ఇంతవరకూ ఓర్చుకునేవాళ్ళమే.

మీ కంప్యూటర్లో ఏం జరిగిందో మీవాళ్ళు చెప్పలేదు, మేమే తేల్చుకున్నాం. ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు నంబరు ఏ పుస్తకానిది ఆ పుస్తకానికే ఉంటుంది, ఎక్కువగా 978తో మొదలయ్యే పదమూడు అంకెలు. 2019 రసీదులో మూడో పుస్తకానికి ఉన్న అంకెలూ, పూర్వార్ధం వెనకట్ట మీద బార్‌కోడ్ దగ్గరున్న అంకెలూ ఒక్కటే. ఉత్తరార్ధం ప్రీ-ఆర్డర్ పేజీలో ఉన్నవి వేరు. అంటే మూడోదాన్ని రెండు ముక్కలు చేసినప్పుడు మొదటి ముక్కకు పాత నంబరే ఉంచేశారు. అది మా గుమ్మంలో పడిన రోజే, మూడుకు మూడూ అందాయని లెక్కగట్టి మీ కంప్యూటర్ మా ఆర్డరు మూసేసింది. దాని దృష్టిలో ఉత్తరార్ధం మేమెన్నడూ అడగని నాలుగో పుస్తకం, కావాలంటే 799 కట్టమంటోంది. సరిచేయడానికి ఒక మనిషి, ఒక కీబోర్డు, ఐదు నిమిషాలు చాలు. పాత ఆర్డరు తెరవాలి, కొత్త నంబరు జతచేయాలి, ధర దగ్గర సున్నా కొట్టాలి. ఆ ఒక్క మనిషి కోసం పద్నాలుగు నెలలుగా వెతుకుతున్నాం.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే తెలుగుకి రెండు నొక్కమంటుంది. నొక్కితే నాలుగు దారులు: పార్సిల్ ఎక్కడుంది, పార్సిల్ చిరిగింది, డబ్బు వాపసు, కొత్త ఆర్డరు. పుస్తకం అచ్చే కాలేదన్నవాడికి దారి లేదు, కాబట్టి మొదటిది నొక్కాలి. ఆర్డరు నంబరు అడుగుతుంది. మాది ఎనిమిదంకెలు. 2022లో సాఫ్ట్‌వేర్ మార్చాక పదకొండంకెలు లేనిదే మీ మిషను ఒప్పుకోదు. ముందు మూడు సున్నాలు తగిలిస్తే లోపలికి రానిస్తుందని నాలుగో ఫోనుకి కనిపెట్టాం. మీ మిగతా పాత చందాదారులకి ఇంత మాత్రమైనా చెప్పండి. ఆ తర్వాత వీణ, తక్కువలో తక్కువ ఇరవై నిమిషాలు. వాయించిందెవరోగానీ కీర్తన చరణం దాకా వెళ్ళి శుభ్రంగా ముగిస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో మొదలుపెట్టిన పని పూర్తిచేసింది ఆవిడొక్కరే.

మొదటి ఏజెంటు, "ఆర్డర్ డెలివర్డ్ అని చూపిస్తోంది సార్" అన్నాడు. రెండో సగం రాలేదన్నాం. "సగం పుస్తకమే వచ్చిందా సార్? అయితే డ్యామేజ్ కింద వేస్తాను" అని, ఆపేలోపే వేసేశాడు. డ్యామేజ్ అన్నాక ఫోటో పెట్టాలి, అదీ పుస్తకం అందిన ఏడు రోజుల్లోపు. రాని పుస్తకానికి ఫోటో ఎలా తీయాలని రెండో ఏజెంటుని అడిగాం. ఆవిడ హోల్డ్‌లో పెట్టి, సూపర్‌వైజర్ని కనుక్కుని వచ్చి, "ఏదో ఒక ఫోటో పెట్టండి సార్, లేకపోతే టికెట్ ముందుకెళ్ళదు" అంది.

సరే, రీడింగ్ రూములో రాక్ ఫోటో తీశాం. మూడు పుస్తకాలు, వాటి పక్కన నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ, ఆ ఖాళీలో పూర్వార్ధం ఒరిగిపోకుండా న్యూస్‌పేపర్ చుట్టి పెట్టిన ఇటుక. రెండు ఎంబీ దాటిందని మీ సైటు తిప్పికొట్టింది. కుదించి మళ్ళీ పెట్టాం. మూడో రోజున జవాబొచ్చింది: "మీరు పంపిన ఫోటోను నిశితంగా పరిశీలించాము. ఉత్పత్తిలో ఎటువంటి లోపము కనబడలేదు. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది."

ఇటుక బాగానే ఉందండీ. దాని మీద మాకూ ఫిర్యాదు లేదు.

మూడో ఏజెంటు రచయితనే అడగమన్నాడు. రచయిత గారి పేజీలో "విడుదల వివరాలకు ప్రచురణకర్తలను సంప్రదించండి" అని ఉంది. సంపాదక విభాగానికి మెయిల్ పెడితే సేల్స్‌ని అడగమన్నారు, సేల్స్ వాళ్ళు ఒక చిరునామా ఇచ్చారు, అది మీ కస్టమర్ కేర్‌దే. ఈ చుట్టు తిరిగి రావడానికి మూడు వారాలు. ఇంద్రకీలాద్రికి గిరిప్రదక్షిణ చేసినా ఆ పూటే అమ్మవారి దర్శనం అవుతుంది. నాలుగో ఏజెంటు 150 రూపాయల కూపన్ పంపింది. గడువు ముప్ఫై రోజులు, చెల్లేది డేగ పుస్తకానికి మాత్రమే. ఐదో ఏజెంటు ఇంకో మెట్టు ఎక్కాడు: "అలాంటి చందా స్కీమ్ మా దగ్గర లేదు సార్, వేరే కంపెనీకి కట్టుంటారు." మీ ముద్ర ఉన్న రసీదు చదివి వినిపించాం. లైను కట్. మళ్ళీ చేస్తే, వీణ.

టికెట్ నంబరు ఇస్తారు, రెండు రోజులకి "పరిష్కారమైంది" అని మెసేజ్, టికెట్ మళ్ళీ చెట్టెక్కుతుంది. ఏడుసార్లు దించి భుజాన వేసుకున్నాం. బేతాళుడు నయం, చెట్టెక్కేముందు ఒక కథన్నా చివరిదాకా చెప్పేవాడు.

నిజం చెప్పినవాడు ఒక్కడున్నాడు. గత ఏడాది జనవరిలో పుస్తక ప్రదర్శనకి మీ స్టాల్లో రోజుకూలి మీద నిలబెట్టిన కుర్రాడు. మీ సైటు "ఉగాదికి" అంటున్న రోజుల్లోనే, "అది ఇంకా ప్రెస్సుకే రాలేదంటండీ, నాకు తెలిసింది అంతే" అన్నాడు. వాణ్ణి ఉద్యోగంలోకి తీసుకోండి. తీసుకోరు, తెలుసు.

ఆరో ఏజెంటు మాకు సాహిత్యం బోధించాడు. "పెద్ద ఫాంటసీ సీరీస్‌లన్నీ ఇంతే సార్, ఇంగ్లీషులో కూడా." ఇది మీరు నేర్పి పంపిన మాటలా ఉంది కాబట్టి జవాబు మీకే చెబుతాం. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' కథ రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ కూడా మొదట మూడే అనుకున్నారు. మొదటి పుస్తకం 1996లో, ఐదోది 2011లో వచ్చాయి, ఆరోది ఇంకా రాలేదు. నాలుగోది మోయలేనంత అయ్యి చీలితే ఒక ముక్క 2005లో వచ్చింది, రెండోదానికి ఆరేళ్ళు పట్టింది. ఎందుకు చీలుతుందో ఇవి చదివేవాళ్ళకి తెలుసు. కథని ఎవరెవరి కళ్ళతో చెబుతున్నారో ఆ మనుషులు పెరుగుతారు, ఒక్కొక్కరికీ తలా ఒక అధ్యాయం ఇచ్చేసరికి పుస్తకం నిండుతుంది, కథలో మాత్రం వారం కూడా గడవదు. ఇది రచయితల కష్టం, ఒప్పుకుంటాం. కానీ "అన్నీ ఇంతే" కాదు. 'వీల్ ఆఫ్ టైమ్' సీరీస్ రాసిన రాబర్ట్ జోర్డన్ మొదటి పుస్తకాన్ని 1990లో తెచ్చి, చివరిది పూర్తిచేయకుండానే 2007లో పోయారు. ఆయన భార్య, ఎడిటరు కూడా అయిన హారియట్ మెక్‌డూగల్ ఆయన వదిలివెళ్ళిన నోట్సు బ్రాండన్ శాండర్సన్ అనే ఇంకో ఫాంటసీ రచయిత చేతిలో పెట్టారు. ఒకటనుకున్నది మూడైంది, నిజమే. ఆ మూడూ 2009, 2010, 2013లలో వచ్చేశాయి. మొత్తం పద్నాలుగు, కథ ముగిసింది. 'మలజాన్' సీరీస్ రాసిన స్టీవెన్ ఎరిక్సన్ 1999 నుంచి 2011 లోపు పదికి పదీ ఇచ్చేశారు.

అదీగాక, మార్టిన్ గారి ఆరో పుస్తకానికి మా వీధిలో ఎవరూ 2019లో డబ్బు కట్టలేదు.

ప్రకటనల్లో మీరు మహాభారతంతో పోల్చుకుంటున్నారు కాబట్టి అదీ చూద్దాం. నన్నయ పదకొండో శతాబ్దంలో రెండున్నర పర్వాల దగ్గర ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన (వాళ్ళ నాన్న గుంటూరి విభుడు, మాకు ఏరు దాటితే ఊరు) విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వం ముక్కని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూర్తిచేసి, నన్నయ రాసినట్టే రాసి, రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. చాలా ఏళ్ళే పట్టింది. అయినా పద్దెనిమిదన్న పర్వాలు పద్దెనిమిదే ఉన్నాయి. మధ్యలో శకుని పాచికల మీద విడి పుస్తకం వేసి ఎవరికీ కూపన్లు పంచలేదు.

మేం గిల్లికజ్జాల బాపతు కాదు. పిల్లల బొమ్మల పుస్తకాల నుంచి పంచాంగం దాకా మీవే కొన్నాం. మూడోది మొదటి రెండింటికన్నా అంగుళం పొడుగొచ్చి రాక్‌లో పట్టకపోతే పై చెక్క తీయించాం. ఎనిమిదొందల పేజీల పుస్తకాన్ని ఫారాలు (మడత పెట్టిన పేజీల కట్టలు) కుట్టకుండా, వెన్ను కోసి ఒట్టి గమ్‌తో అంటిస్తే బెజవాడ మే నెలకి నడుం విరుగుతుంది. విరిగింది. ఏలూరు రోడ్డు తీసుకెళ్ళి సొంత ఖర్చుతో కుట్టించుకున్నాం, మీకు చెప్పనుకూడా లేదు. రేపు ఉత్తరార్ధం వస్తే ముందు మూడూ మళ్ళీ చదవాలి, రెండువేల పైచిలుకు పేజీలు. వారపత్రిక సీరియల్‌కి కూడా "జరిగిన కథ" అని నాలుగు లైన్లు వేసేవాళ్ళు, ఎవరు ఎవరి మేనల్లుడో గుర్తుండాలి కదా. అదీ అడగలేదు.

ఏడో ఏజెంటు మాత్రం మర్యాద దాటాడు. సెట్టు ధర 1,650లో మూడో వంతు 550, అందులో సగం 275, అది వాపసు ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని బేరం పెట్టాడు. కథలో ఏ చివరి యుద్ధం కోసం మూడు పుస్తకాలు మోశామో ఆ యుద్ధం వెల 275 అట. సైటులో 799, మా దగ్గరికొచ్చేసరికి 275.

కాబట్టి వినండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, ఇవి ఆ ఈ-కామర్స్ నియమాల్లో ఉన్న మాటలే. ఉత్తరార్ధం రాతప్రతి మీ చేతికి వచ్చిందా, రాలేదా? ఈ ఒక్క ముక్కకి అవునో కాదో ఒక మనిషి తన పేరు రాసి, సంతకం పెట్టి పంపాలి. రాలేదంటే రాలేదనే రాయండి, చదువుకుని ఊరుకుంటాం. మా పాత ఆర్డరు తెరిచి కొత్త నంబరు జతచేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం.

లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాం, వాళ్ళ దగ్గర వీణ ఉందో లేదో చూస్తాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. మేమున్న జిల్లాలోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు దానికి రుసుము కూడా లేదు. రీడింగ్ రూములో మొదటి పుస్తకం లోపలి అట్టకి "ఇది పూర్తికాలేదు, ఎప్పుడవుతుందో అమ్మినవాళ్ళు చెప్పరు, మొదలుపెట్టకండి" అని చీటీ అంటిస్తాం. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వాళ్ళందరికీ ఆ చీటీలు ఇస్తాం, మీ సెట్లు తూకానికి తప్ప పోకుండా చూస్తాం. అప్పటికీ ఉలకకపోతే, తొమ్మిదిళ్ళ వాళ్ళం కూర్చుని ఉత్తరార్ధం మేమే రాసి ఆ ఇటుక తీసేసి దాని చోట పెడతాం. కాపీరైటు నోటీసు పంపిస్తారా, పంపించండి. దాని మీదన్నా ఒక మనిషి సంతకం ఉంటుంది.

ఇట్లు,
తొమ్మిదిమంది చందాదారులు

జత: 2019 రసీదు నకలు. ఏడు "పరిష్కారమైంది" మెసేజ్‌ల ప్రింటు. వాడని కూపన్. రాక్ ఫోటో (రెండు ఎంబీ లోపే).