తాతగారి గ్రామఫోను ప్లేట్ల వెల గురించి

కొలంబస్, ఒహాయో

పూజ్యులైన బాబాయి గారికి నమస్కారములు.

మీరు పంపిన ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. తాతగారి పెట్టెలోని ప్లేట్లను ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెడదామనుకుంటున్నారని, వాటిలో ఒకదానికి ఎవరో లక్షన్నర అడగడం చూశారని రాశారు. ఆ అంకెను ముందుగా మనసులోంచి తీసివేయండి. అది అమ్మేవాడు అడుగుతున్న ధరే తప్ప ఎవరూ చెల్లించిన ధర కాదు. ఈబే అనే అమ్మకాల సైటులో వెతికేటప్పుడు అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపించమని అడిగే వీలుంది. డిస్కాగ్స్ అనే మరో సైటులో ఒక్కొక్క రికార్డుకు ఒక్కొక్క పుట ఉండి, ఇదివరకు అది అమ్ముడైన ధరల్లో కనిష్ఠం, గరిష్ఠం, మధ్యస్థం ఎంతెంతో, అది ఎంతమంది దగ్గర ఉన్నదో, ఎంతమంది కావాలనుకుంటున్నారో కూడా కనిపిస్తుంది. నేను అన్నిటికంటే ముందు చూసేది ఈ చివరి రెండు అంకెలనే. ఉన్నవారు తక్కువై, కావాలనేవారు ఎక్కువైతే తప్ప ధర పెరగదు.

పాతదైతే చాలు విలువైనదే అనే నమ్మకం మన వాళ్లలో బలంగా ఉంది. ఘంటసాల గారి భగవద్గీత ఎల్.పి. (లాంగ్ ప్లే రికార్డు) మన ఇంట్లో ఎంత భద్రంగా దాచినా, అది ఎన్నో తెలుగిళ్లకు చేరిన రికార్డు కనుక దానికి పెద్ద ధర ఆశించలేము. అదే బీటిల్స్ అనే ఇంగ్లీషు బృందం పాటలకు మన దేశంలో 1960లలో అచ్చయిన 78ల (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల) సంగతి చూడండి. బ్రిటన్‌లో 78ల తయారీ 1960 ప్రాంతంలోనే ఆగిపోయింది. కరెంటు లేని ఇళ్లలో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా ఉన్నందువల్ల మన దేశంలో, కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఫ్యాక్టరీలో, అవి ఆ తరువాత కూడా తయారయ్యాయి. ఆ బృందం పాటలు 78 వేగంలో మరెక్కడా సులభంగా దొరకవు కాబట్టి ఇక్కడి సేకర్తలు వాటికి వేల డాలర్లు పెట్టిన సందర్భాలున్నాయి. అంతకు ముప్పై ఏళ్లు పాతదైన మన పద్యాల ప్లేటుకు అందులో వందో వంతు కూడా రాకపోవచ్చు. పెట్టె అడుగున ఇంగ్లీషు ప్లేట్లేమైనా ఉంటే, దయచేసి వాటిని పక్కకు తీసి ఉంచండి.

ఒకే పాట వేర్వేరు కాలాల్లో మళ్లీ మళ్లీ అచ్చవుతుంది కనుక, ధర పోల్చేటప్పుడు పాట పేరు ఒక్కటే సరిపోదు. లేబుల్ రంగు, దాని మీది సంఖ్య, గాడులు ముగిసి లేబుల్ మొదలయ్యే లోపు ఉన్న నున్నని నల్ల అంచులో చిన్నగా చెక్కిన అక్షరాలూ అంకెలూ, ఈ మూడు గుర్తులూ కలవాలి. ఆ అంచు ఫొటోలో పడాలంటే పైనుంచి ఫ్లాష్ వేయకుండా, ప్లేటును కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని తీయండి. అలా పట్టుకుంటే గీతలు, వెంట్రుకవాసి పగుళ్లు కూడా కనిపిస్తాయి. ప్లేటు బయటి అంచున పలుకు లేచినా అది గాడుల దాకా రాకపోతే పెద్ద నష్టం లేదు గాని, పగులు గాడులను దాటితే ఆ ప్లేటు ధర దాదాపు పోయినట్టే.

కొనేవాళ్లు అన్నిటికంటే ఎక్కువ పేచీ పెట్టేది ఈ స్థితి విషయంలోనే. మింట్ (కొత్తదానిలా ఉన్నది) నుంచి పూర్ (పాడైపోయినది) వరకు స్థితిని చెప్పే మెట్లలో ‘గుడ్’ అన్నది చాలా కిందిది. మోగుతుంది గాని గరగర పాటను కమ్మేస్తుంది. అనుమానం ఉన్నచోట ఒక మెట్టు దించే రాయండి. 78 ప్లేట్లు లక్కతో చేసినవి కాబట్టి స్పిరిట్ తగిలితే కరుగుతాయి. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి ఊరుకోండి. ఎల్.పి. ముల్లు కంటే 78 ముల్లు దాదాపు మూడింతలు వెడల్పు కనుక, మన కొత్త ప్లేయరులో పెట్టి ‘గరగరమంటోంది’ అని నిర్ణయించవద్దు.

కాటిసీను పద్యాలు, రాయబారం పద్యాలు ఉన్న ప్లేట్ల విషయంలో నా అభిప్రాయం వేరు. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, హచిన్స్ లేబుళ్ల మీద వచ్చిన ఆ పద్యాలకు ఇక్కడి సైట్లలో అమ్మకాల చరిత్ర బహు తక్కువ. చరిత్ర లేనిచోట స్థిరమైన ధర పెట్టడం చీకట్లో బాణం వేయడమే. వాటిని కోరేవారు ఎక్కువగా మన దేశంలోనే ఉన్నారు. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు వేల కొద్దీ 78లు కూడబెట్టిన సంగతి మీకు తెలిసినదే. ముంబయిలో ఇలాంటి సేకర్తల సంఘం కూడా ఉంది. కాబట్టి వాటిని తక్కువ ధరతో మొదలుపెట్టి వేలంలో ఉంచడం, అదీ మన దేశపు కొనుగోలుదారులకు కనిపించే చోట ఉంచడం మంచిదని నాకు తోస్తుంది. ఒక నాటకం ఆరేడు ప్లేట్ల సెట్టుగా వచ్చి ఉంటే దాన్ని విడగొట్టవద్దు. మధ్యలో ఒక్క ప్లేటు లేకపోయినా సెట్టు ధర బాగా పడిపోతుంది గనుక, ముందు వరుస సంఖ్యలు సరిచూడండి. ప్లేటుకు ఇంతని మొత్తం పెట్టె ఎత్తుకుపోతానని ఫోన్ చేసిన వ్యాపారికి మాత్రం అప్పుడే మాట ఇవ్వకండి. ఆయన అన్నిటికీ ఒకే రేటు కడుతున్నాడంటే వాటిలో ఏదో ఒకదాని మీద ఆయనకు కన్ను పడి ఉంటుంది.

ఒక పక్కనే గాడులుండి రెండో పక్క నున్నగా ఉన్న ప్లేటు ఏదైనా తగిలితే నాకు వెంటనే చెప్పండి. అవి సాధారణంగా ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లవి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను మామూలు వ్యక్తులు దేశం దాటించకూడదని 1972 నాటి పురావస్తు చట్టం చెబుతుంది కనుక, అలాంటివాటిని విదేశాలకు పంపే మాట తలపెట్టవద్దు. మిగిలినవాటికి కూడా పోస్టు ఖర్చు, ప్యాకింగు ఖర్చు ధరలోంచి తీసివేసి చూసుకోండి. ప్లేటుకు రెండు వైపులా గట్టి అట్టలు పెట్టి, ఆ కట్టను ఒక పెట్టెలో, ఆ పెట్టెను మరో పెద్ద పెట్టెలో, నడుమ కాగితాలు కుక్కి పంపకపోతే లక్క ప్లేటు ముక్కలై చేరుతుంది.

అమ్మకానికి పెట్టేముందు ఆ పద్యాలన్నిటినీ ఒకసారి రికార్డు చేయించండి. ఆ ఖర్చు నేను పంపుతాను. తెనాలిలో 78 ముల్లున్న ప్లేయరు దొరక్కపోతే విజయవాడలో వాకబు చేయండి. మిగిలిన ప్లేట్ల లేబుళ్లను రెండు పక్కలా ఫొటో తీసి పంపితే, వాటి పుటలు నేను ఇక్కడ వెతికి ధరలు రాసి పంపుతాను.

పిన్ని గారికి నా నమస్కారాలు తెలియజేయండి.

ఇట్లు,
మీ అన్నగారి అబ్బాయి