బాచెలెట్‌ను గౌరవించాం, చిత్రహింస నిరోధక చట్టం ఎప్పుడు?

సంపాదకుడు గారికి నమస్కారం.

2024 సంవత్సరపు ఇందిరా గాంధీ శాంతి బహుమతిని చిలీ మాజీ అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ 2025 నవంబర్‌లో ఢిల్లీ వచ్చి అందుకున్నారు. రెండుసార్లు దేశాధ్యక్షురాలు, ఐక్యరాజ్య సమితి మహిళా విభాగానికి తొలి అధిపతి, ఆ తర్వాత నాలుగేళ్లు మానవ హక్కుల హైకమిషనర్. పదవుల సంగతి సరే, వాటి వెనకున్న జీవితం గురించి మన దగ్గర చాలామందికి తెలియదు. అది తెలిస్తే మన దేశాన్ని ఒక ప్రశ్న అడగక తప్పదు. జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిగా ఆ ప్రశ్న అడగడానికే ఈ ఉత్తరం.

ఆమె తండ్రి అల్బెర్టో బాచెలెట్ చిలీ వైమానిక దళంలో జనరల్. అధ్యక్షుడు సాల్వడార్ అలెండీ ప్రభుత్వంలో ఆహార సరుకుల పంపిణీ బాధ్యత చూశారు. 1973 సెప్టెంబర్ 11న సైన్యం ఆ ప్రభుత్వాన్ని కూల్చేసింది. సైన్యాధిపతి పినోచెట్ గద్దెనెక్కాడు. అల్బెర్టోను దేశద్రోహి అన్నారు, నిర్బంధించారు. చిత్రహింసలు పెట్టినవాళ్లు ఎక్కడినుంచో వచ్చినవాళ్లు కాదు, ఆయనతో కలిసి ఒకే దళంలో పనిచేసినవాళ్లు. వైమానిక దళం వాళ్ల యుద్ధ అకాడమీ భవనంలోనే అదంతా జరిగింది. 1974 మార్చి 12న జైల్లో గుండె ఆగి చనిపోయారు. అప్పటికి ఆయనకు 50 ఏళ్లు.

మరుసటి ఏడాది జనవరిలో రహస్య పోలీసులు మిషెల్‌నూ ఆమె తల్లినీ పట్టుకుపోయారు. కళ్లకు గంతలు కట్టి, రాజధాని శాంటియాగో శివార్లలోని విల్లా గ్రిమాల్ది అనే రహస్య నిర్బంధ కేంద్రానికి తీసుకెళ్లారు. అప్పుడామె 23 ఏళ్ల మెడికల్ విద్యార్థిని. అక్కడ తనకేం జరిగిందో ఆమె బహిరంగంగా ఎక్కువ చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగకూడదు కూడా. బయటపడ్డాక ఆస్ట్రేలియాకి, అక్కడినుంచి తూర్పు జర్మనీకి ప్రవాసం వెళ్లారు. 1979లో, పినోచెట్ పాలన సాగుతుండగానే, తిరిగొచ్చి చదువు పూర్తిచేసి పిల్లల డాక్టరయ్యారు. నియంతృత్వంలో చిత్రహింసల పాలైనవాళ్ల పిల్లలకీ, ఆచూకీ లేకుండా పోయినవాళ్ల పిల్లలకీ వైద్యం చేసే ఒక సంస్థలో పనిచేశారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది ఆ తర్వాత ఆమె వేసిన అడుగు. ప్రజాస్వామ్యం వచ్చాక, 1990లలో, ఆమె సైనిక వ్యూహం చదువుకున్నారు. మొదట శాంటియాగోలోని అకాడమీలో, తర్వాత వాషింగ్టన్‌లో. తన తండ్రిని చంపిన వ్యవస్థ లోపల్నుంచి ఎలా పనిచేస్తుందో తెలుసుకోకుండా దాన్ని మార్చలేమని అనుకున్నట్టుంది. 2002లో రక్షణ మంత్రి అయ్యారు. చిలీలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమే. తాను మహిళ, సోషలిస్టు, భర్త నుంచి విడిపోయిన మనిషి, దేవుడి విషయంలో నమ్మకం లేని మనిషి అని, అన్ని పాపాలూ ఒకేచోట కలిశాయని సైన్యాధికారుల ముందు ఆమే అన్నారు. ఆమె ఆ పదవిలో ఉండగానే సైన్యాధిపతి చేయిరే ఇలాంటివి ఇక ఎన్నడూ జరగవని ప్రకటించాడు.

విల్లా గ్రిమాల్దిని నడిపిన అధికారి ఒకప్పుడు ఆమె ఉన్న అపార్ట్‌మెంట్ భవనంలోనే ఉండేవాడు. లిఫ్టులో ఎదురుపడేవాడు. ఎవరి లాకప్‌లో నలిగామో వాళ్లనే వీధిలో రోజూ చూడాల్సి రావడం మన పల్లెల్లో పేదవాళ్లకు కొత్త కాదు కాబట్టి, ఈ ఒక్క విషయం మన పాఠకులకు వేరే వివరణ లేకుండా అర్థమవుతుంది.

2006 జనవరిలో ఆమె చిలీకి తొలి మహిళా అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. మొదటి మంత్రివర్గంలో 10 మంది ఆడవాళ్లు, 10 మంది మగవాళ్లు. అదే ఏడాది డిసెంబర్ 10న పినోచెట్ చనిపోయాడు. మాజీ దేశాధినేతకు ఇచ్చే ప్రభుత్వ లాంఛనాలకు ఆమె ఒప్పుకోలేదు. మాజీ సైన్యాధిపతిగా సైనిక గౌరవం వరకే ఇచ్చారు, తాను అంత్యక్రియలకు వెళ్లలేదు. పగ తీర్చుకున్నారని దాన్ని ఎవరైనా అనగలరా? 2010 జనవరిలో, పదవి దిగే ముందు, నియంతృత్వ కాలపు అకృత్యాలను గుర్తుపెట్టుకోవడానికి మ్యూజియం ఒకటి ప్రారంభించారు. చిత్రహింసల బాధితులను గుర్తించే వాలెచ్ కమిషన్ రెండో విడత పని కూడా ఆమె హయాంలో తెచ్చిన చట్టంతోనే మొదలైంది. రెండు విడతల్లో కలిపి 38,000 మందికి పైగా బాధితులను చిలీ ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. 2 కోట్ల జనాభా కూడా లేని దేశం అది.

2013 ఎన్నికల్లో ఆమె ప్రత్యర్థి ఎవెలిన్ మథేయి. ఇద్దరి తండ్రులూ వైమానిక దళంలో స్నేహితులు, చిన్నప్పుడు ఒకే స్థావరంలో ఇరుగుపొరుగు. ఒక తండ్రి జైల్లో చనిపోతే రెండో తండ్రి పినోచెట్ సైనిక మండలిలో సభ్యుడయ్యాడు. ఆ ఇద్దరి కూతుళ్లూ బ్యాలెట్ పేపర్ మీద పోటీ పడ్డారు. 62 శాతం ఓట్లతో బాచెలెట్ గెలిచారు.

ఆమె పాలనంతా విజయమే అని చెప్పను. 2007లో శాంటియాగో బస్సుల వ్యవస్థను ఒక్కసారిగా మార్చబోతే జనం నానా అవస్థలు పడ్డారు, ఆమె ప్రజలకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు కొడుకూ కోడలూ చిక్కుకున్న భూముల వ్యవహారం ఆమె పేరును బాగా దెబ్బతీసింది. శిక్షపడిన సైనికాధికారులకు సకల సౌకర్యాలతో ఉన్న పుంటా పెఉకో జైలును మూసేస్తానని మాటిచ్చి, చివరి రోజుదాకా మూయలేకపోయారు. ఆమె న్యాయశాఖ మంత్రే సంతకం పెట్టలేదు. హైకమిషనర్‌గా 2022లో చైనా వెళ్లినప్పుడు మెత్తగా మాట్లాడారని హక్కుల సంఘాలు తప్పుపట్టాయి, అక్కడి షిన్‌జియాంగ్‌లో ఉయిఘర్ ముస్లింల హక్కుల ఉల్లంఘనపై నివేదికను పదవి చివరి రోజున గానీ విడుదల చేయలేదు. అయితే ఒక్క పని మాత్రం గట్టిగా చేశారు. 2016 నవంబర్‌లో ఆమె ప్రభుత్వం చిత్రహింసను విడిగా ఒక నేరంగా నిర్వచించే చట్టం తెచ్చింది.

నా ప్రశ్న ఇక్కడే. చిత్రహింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్య సమితి 1984లో చేసిన ఒప్పందాన్ని చిలీ 1988లో ఆమోదించింది. పినోచెట్ ఇంకా గద్దె మీద ఉన్నప్పుడే. పదేళ్ల తర్వాత లండన్‌లో అతన్ని అరెస్టు చేశారు. మాజీ దేశాధినేత అయినా చిత్రహింస కేసులో రక్షణ ఉండదని అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 1999లో చెప్పగలిగింది ఆ ఒప్పందం ఆధారంగానే. ఆరోగ్యం బాగాలేదని చివరికి వదిలేశారు, అది వేరే సంగతి. కాగితం మీది ఒప్పందం ఏం చేస్తుందిలే అనేవాళ్లు ఈ కేసు చదవాలి.

అదే ఒప్పందం మీద మన దేశం 1997 అక్టోబర్‌లో సంతకం చేసింది. ఇప్పటికీ ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ చిత్రహింస నిరోధక బిల్లును ఆమోదించింది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ దాన్ని ఇంకా గట్టిపరిచింది. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు, లోక్‌సభ గడువు తీరడంతో బిల్లు మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ఒప్పందాన్ని ఆమోదించమని చెప్పి బిల్లు ముసాయిదా కూడా జతచేసింది. 2019లో సుప్రీంకోర్టు, చట్టం చేయమని పార్లమెంటును ఆదేశించలేమంది. ఇందులో ఒక పార్టీని అని లాభం లేదు, రెండు కూటముల ప్రభుత్వాలూ దాటవేశాయి.

ఉన్న చట్టాలు చాలవా అని కొందరు అడుగుతారు. ఒప్పుకోలు కోసమో, సమాచారం కోసమో, సొత్తు రాబట్టడానికో గాయపరిస్తే శిక్షించే సెక్షన్ పాత ఐపీసీలో ఉండేది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 120వ సెక్షన్‌గా ఉంది. కానీ చిత్రహింస అంటే ఏమిటో ఆ సెక్షన్ చెప్పదు. రాత్రంతా నిద్రపోనివ్వకుండా నిలబెట్టడం, కళ్లెదుట భార్యను బెదిరించడం లాంటివి దాని కిందికి తేవడం ఎంత కష్టమో కోర్టులో తిరిగేవాళ్లకు తెలుసు. రిమాండ్‌కి తెచ్చినప్పుడు పోలీసులు కొట్టారా అని మేజిస్ట్రేట్ అడుగుతారు. ఆ పోలీసులే పక్కన నిలబడి ఉంటారు. లేదు సార్ అని జవాబు వస్తుంది. మెడికల్ సర్టిఫికెట్ కూడా ఆ జవాబుకు తగ్గట్టే ఉండటం నేను చాలాసార్లు చూశాను.

1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళ మీద అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. 43 ఏళ్ల తర్వాత, 2021లో, అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక దళిత మహిళ చనిపోయింది. పోలీసులను ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేయడం శాఖాపరమైన చర్య. నేరానికి పేరు, శిక్ష, నష్టపరిహారం, విచారణకు గడువు, ఫిర్యాదు చేసినవాళ్లకూ సాక్షులకూ రక్షణ ఉండాలంటే విడిగా చట్టం కావాల్సిందే.

బాచెలెట్‌కు బహుమతి ఇచ్చింది ఒక ట్రస్టు, ప్రభుత్వం కాదు. 2020లో పౌరసత్వ సవరణ చట్టంపై ఆమె కార్యాలయం సుప్రీంకోర్టుకు వెళ్తే మన విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పింది కూడా. ఆమెతో ఎక్కడ విభేదించినా సరే, చిత్రహింస విషయంలో ఆమె దేశం చేసిన పని మనం చేయకపోవడానికి ఒక్క కారణమైనా ఉందా?

లోక్‌సభలో మన రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులు 42 మంది. లా కమిషన్ ముసాయిదాను ప్రైవేటు బిల్లుగానైనా సభలో పెట్టడానికి వీళ్లలో ఎవరు సిద్ధమో మీ పత్రిక ఒక్కొక్కరినీ అడిగి, ఇచ్చిన జవాబులు పేర్లతో సహా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది,
నల్గొండ.