దేనిలో 20 శాతం?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఒక సంఖ్యను 20 శాతం పెంచి, వచ్చినదాన్ని మళ్ళీ 20 శాతం తగ్గిస్తే మొదటి సంఖ్యే ఎందుకు రావడం లేదని నువ్వు అడిగిన చోట నాకు నవ్వు వచ్చింది. నిన్ను చూసి కాదు, పదో తరగతి పరీక్షలో అదే లెక్కకు "మార్పు ఉండదు" అని ధీమాగా రాసి వచ్చిన నన్ను తలుచుకుని. 100ని పెంచితే 120 అవుతుంది. ఆ తరువాత తగ్గించవలసింది 100లో 20 శాతం కాదు, 120లో 20 శాతం, అంటే 24. కనుక మిగిలేది 96.

శాతం అన్న మాట కనబడగానే "దేనిలో?" అని అడగాలి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుకు పాత లెక్కల్లో ఒక పేరే ఉంది: ప్రమాణం. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే చెప్పిన త్రైరాశికంలో, అంటే తెలిసిన మూడు సంఖ్యలతో నాలుగోదాన్ని కనుక్కునే పద్ధతిలో, ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తారు. 48లో 36 ఎంత శాతమంటే, 48కి 36 అయితే 100కి ఎంత అని అడగడమే: 48 ప్రమాణం, 36 ఫలం, 100 ఇచ్ఛ. 36ను 100తో గుణించి 48తో భాగిస్తే 75.

చిక్కుపడినప్పుడు నేను శాతాన్ని వదిలి భిన్నాన్ని పట్టుకుంటాను. 25 శాతం పెరగడమంటే 5/4తో గుణించడం. వెనక్కి రావాలంటే దాన్ని తలకిందులు చేసి 4/5తో గుణించాలి, అంటే తగ్గేది ఐదో వంతు, 20 శాతమే.

నిష్పత్తిలోనూ ఇదే తంటా. 2:3గా పంచమంటే మొదటి వాటా మొత్తంలో 2/3 అనుకుంటాం. అది రెండో వాటాతో పోలిక మాత్రమే, మొత్తంలో అయితే 2/5. నువ్వు ఆగిపోయిన లెక్కలో అ:ఆ 2:3, ఆ:ఇ 4:5 కదా. రెండు చోట్లా "ఆ" ఒక్కటే కాబట్టి 3, 4ల క.సా.గు. 12 దగ్గర దాన్ని నిలబెట్టు. మొదటిది 8:12, రెండోది 12:15 అవుతుంది, మూడూ కలిపి 8:12:15.

ఇక నీకొక లెక్క. ఒక తరగతిలో అబ్బాయిలు, అమ్మాయిలు 3:2 నిష్పత్తిలో ఉన్నారు. అబ్బాయిల్లో 20 శాతం, అమ్మాయిల్లో 25 శాతం మంది గైర్హాజరు. మొత్తం తరగతిలో ఎంత శాతం రాలేదు? 22.5 వచ్చిందంటే మాత్రం ఈ ఉత్తరం మొదటి నుంచి మళ్ళీ చదువు.

ఇట్లు,
నీ మిత్రుడు